రెండో నెలలో లేదన్న సికిల్ సెల్ తొమ్మిదో నెలలో ఎలా బయటపడింది?

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దు. మీది పాడేరు వైపు, నువ్వు విశాఖలో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నావు. మీ అక్క కొడుక్కి రెండో నెలలో రక్తపరీక్ష చేసి సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) లేదన్నారు. తొమ్మిదో నెలలో చేతివేళ్లు, పాదాలు వాచిపోయి రాత్రంతా ఏడుస్తుంటే ఇక్కడికి తీసుకొచ్చారు. హెచ్‌పీఎల్‌సీ (రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో విడదీసి చూపే పరీక్ష) చేస్తే సికిల్ సెల్ అని తేలింది. "జన్యువు పుట్టుకతోనే వస్తుంది కదా, మరి ఇన్ని నెలలు జబ్బు ఎక్కడ దాక్కుంది? మొదటి పరీక్ష అబద్ధం చెప్పిందా? కొత్త జన్యు చికిత్సలో సికిల్ జన్యువును ముట్టుకోకుండా వేరే జన్యువు దగ్గర కత్తిరిస్తారట, అదెలా పనిచేస్తుంది?" అని అడిగావు.

నేను ఈ ఊళ్లో 26 ఏళ్లు రక్తపరీక్షల ల్యాబుల్లో పనిచేసి, ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నీ మూడు ప్రశ్నలకూ మూలం ఒకటే. బాబు ఒంట్లో ఆ జన్యువు మొదటి రోజు నుంచీ ఉంది, కానీ కణాలు అప్పటికి దాన్ని గట్టిగా చదవడం మొదలుపెట్టలేదు. జన్యువు ఉండటం వేరు, దాన్ని కణం చదవడం, అంటే దాని ప్రకారం ప్రోటీన్ తయారుచేయడం వేరు. మన పాఠ్యపుస్తకాలు మొదటిదాని గురించి పేజీలకు పేజీలు చెప్పి, రెండోదాన్ని రెండు పేరాల్లో తేల్చేస్తాయి. బాబు కథంతా ఆ రెండోదానిలోనే ఉంది.

ముందు ఆ జన్యువు ఎక్కడుందో చూద్దాం. ఎర్రకణాల్లో ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్ హిమోగ్లోబిన్. అందులో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. ఆల్ఫా జన్యువులు 16వ క్రోమోజోము మీద, బీటా జన్యువు 11వ క్రోమోజోము మీద ఉన్నాయి. 11వ క్రోమోజోములో దాదాపు 13.5 కోట్ల డీఎన్‌ఏ అక్షరాల జతలున్నాయి. ఆ క్రోమోజోమును విశాఖ నుంచి విజయవాడ దాకా 350 కిలోమీటర్ల రోడ్డు అనుకో. బీటా గ్లోబిన్ జన్యువు పొడవు దాదాపు 1,600 అక్షరాలు. ఆ రోడ్డు మీద అది నాలుగు మీటర్లు, అంటే పక్కన ఆపిన ఒక చిన్న కారంత. అందులో ఆరో సంకేతం (మూడేసి అక్షరాలు ఒక సంకేతం) జీఏజీ అని ఉండాల్సిన చోట జీటీజీ అని ఉంటే అదే సికిల్ మార్పు. ప్రోటీన్ గొలుసులో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం రావాల్సిన చోట వాలీన్ అనేది వస్తుంది. 350 కిలోమీటర్ల రోడ్డులో ఆ తప్పు రెండున్నర మిల్లీమీటర్లు, ఆవగింజ కంటే కాస్త పెద్దది. మీ అక్క నుంచి ఒకటి, బావ నుంచి ఒకటి, బాబుకి రెండు కాపీలూ అలాంటివే వచ్చి ఉండవచ్చు.

ఇంత పొడవున్న దారాన్ని కణం ఎలా సర్దుకుంటుందన్నది నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా ఆశ్చర్యమే. ఒక్కో కణంలో ఉన్న మొత్తం డీఎన్‌ఏ సాగదీస్తే దాదాపు 2 మీటర్లు. అది ఉండే కేంద్రకం చాలా కణాల్లో మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. ఎనిమిది హిస్టోన్ ప్రోటీన్లు కలిసి ఒక ఉండలా ఏర్పడతాయి. దాని చుట్టూ 147 అక్షరాల జతల పొడవున డీఎన్‌ఏ రెండు చుట్లకు కాస్త తక్కువగా చుట్టుకుంటుంది. కాస్త దూరంలో ఇంకో ఉండ, దాని మీద ఇంకో చుట్టు, అలా పూసల దండలా సాగిపోతుంది. హిస్టోన్లది ధనావేశం, డీఎన్‌ఏది రుణావేశం కాబట్టి పట్టు గట్టిగా ఉంటుంది. కణానికి ఒక చోట చదవాల్సిన అవసరం వస్తే అక్కడి హిస్టోన్ల తోకలకు ఎసిటైల్ ముక్కలు తగిలిస్తుంది. ఆవేశం తగ్గుతుంది, పట్టు సడలుతుంది, చదివే యంత్రాంగానికి చోటు దొరుకుతుంది.

దీన్ని పుస్తకంలో బొమ్మగా చూసినప్పుడు ఇరికించి కట్టిన మూటలా అనిపిస్తుంది. వీలైతే ఒక తెల్లవారుజామున పెద్దజాలరిపేట ఒడ్డుకి వెళ్లి పడవలో వల పేర్చేవాళ్లను చూడు. బెండ్లు ఒక వైపు, బరువులు ఒక వైపు, నీళ్లలోకి ముందు దిగాల్సిన కొస పైన ఉండేలా మడతలు వేస్తారు. ఆ మడతలోనే రేపటి వేట ఉంటుంది. క్రోమోజోము మడత కూడా అలాంటిదే. ఎర్రరక్తకణం కాబోయే కణంలో బీటా గ్లోబిన్ ఉన్న భాగం పైకి, వదులుగా ఉంటుంది. అదే భాగం మెదడు కణంలో గట్టిగా ముడుచుకుని ఉంటుంది. రెండింట్లోనూ అక్షరాలు అవే.

చిన్న పక్కమాట, ఇది చెప్పకుండా ఉండలేను. మనిషి క్రోమోజోము మీద ఈ గ్లోబిన్ జన్యువులకు అటూ ఇటూ ఉన్న ఇరుగుపొరుగు ఎవరో తెలుసా? వాసన పసిగట్టే గ్రాహకాల జన్యువులు! చాలా వాసనలు ముక్కుకి తెలిసేది ఆ కుటుంబానికి చెందిన జన్యువుల వల్లే. ముక్కులోని వాసన కణం ఆ కుటుంబంలో ఉన్న వందల జన్యువుల్లో ఒక్కదాన్నే ఎంచుకుని చదువుతుంది. పక్కనే ఉన్న గ్లోబిన్ జోలికి పోదు. ఎముక మూలుగలోని కణం గ్లోబిన్‌ను చదువుతుంది, పక్కనున్న వాసన జన్యువులను ముట్టుకోదు. పక్కపక్క గుమ్మాలైనా తలుపు ఎవరు తడతారన్నది ఆ కణాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. బీటా గ్లోబిన్ జన్యువు ఒంటరిగా లేదు. అక్కడ వరసగా ఐదు జన్యువులున్నాయి: ఎప్సిలాన్, రెండు గామాలు, డెల్టా, చివర బీటా. మన రోడ్డు లెక్కలో అంతా కలిపితే రెండు వందల మీటర్ల లోపే. అవి రోడ్డు మీద ఏ వరసలో ఉన్నాయో మనిషి జీవితంలో దాదాపు అదే వరసలో పనిలోకి దిగుతాయి. పిండం తొలి వారాల్లో ఎప్సిలాన్ పనిచేస్తుంది. తర్వాత గర్భంలో ఉన్నన్నాళ్లూ ప్రధానంగా గామా. రెండు ఆల్ఫా, రెండు గామా గొలుసులు కలిస్తే వచ్చేది హిమోగ్లోబిన్ ఎఫ్. అది తల్లి హిమోగ్లోబిన్ కంటే గట్టిగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, అందుకే మాయ దగ్గర తల్లి రక్తం నుంచి బిడ్డ రక్తంలోకి ఆక్సిజన్ వస్తుంది. పుట్టే సమయానికి బిడ్డ హిమోగ్లోబిన్‌లో సగానికి పైగా ఎఫ్ రకమే. పుట్టాక నెలనెలా గామా తగ్గుతుంది, బీటా పెరుగుతుంది.

మీ బాబు విషయంలో ఏం జరిగిందో ఇప్పుడు నీకే అర్థమై ఉంటుంది. రెండో నెలలో ఒంట్లో ఎక్కువగా నడుస్తున్నది గామా జన్యువు. దానిలో తప్పేమీ లేదు. తప్పున్నది బీటాలో, అది అప్పుడప్పుడే గొంతు సవరించుకుంటోంది. ఆరో నెల దాటేసరికి బీటాది పైచేయి అయింది. ఆక్సిజన్ వదిలిన సికిల్ హిమోగ్లోబిన్‌లో ఆ వాలీన్ పక్క అణువు మీదున్న గుంటలో ఇరుక్కుంటుంది. అలా ఒకదానికొకటి తగులుకుని పొడవాటి కడ్డీలవుతాయి, ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. మధ్యలో ఎఫ్ రకం అణువులు తగినన్ని ఉంటే ఆ అల్లిక ముందుకు సాగదు. ఇన్నాళ్లూ మీ బాబును కాపాడింది అదే.

నీకొచ్చిన ఈ సందేహమే 1948లో న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల వైద్యురాలికి వచ్చింది. సికిల్ సెల్ రాబోయే పసికందుల రక్తంలో వంగే కణాలు ఎందుకు అంత తక్కువగా ఉన్నాయని చూసి, పుట్టుకతో వచ్చిన పిండ దశ హిమోగ్లోబిన్ వాళ్లను కాపాడుతోందని ఆమె చెప్పింది. డీఎన్‌ఏ నిర్మాణం తెలియడానికి ఇంకా ఐదేళ్లుంది. మంచం పక్కన నిలబడి పిల్లల్ని జాగ్రత్తగా చూసినందుకు దొరికిన జవాబు అది. నర్సింగ్ చదివే నీలాంటి పిల్లలకు అందుకే ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతాను.

మరి కణం గామా నుంచి బీటాకు ఎలా మారుతుంది? బ్యాక్టీరియాలో ఒపెరాన్ చదివే ఉంటావు. వరసగా ఉన్న జన్యువులన్నిటికీ ఒకటే మొదలు, ఒకేసారి చదివేస్తుంది. ఇక్కడ అలా కాదు. ఐదింటికీ విడివిడిగా ప్రమోటర్ ఉంది. జన్యువును చదివి ఆర్‌ఎన్‌ఏ అనే నకలు రాసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ వచ్చి వాలే చోటు అది. కానీ ప్రమోటర్ ఒక్కటే ఉంటే ఏదో గొణిగినట్టుగా కాస్త ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. గట్టిగా పలకాలంటే ఐదు జన్యువులకూ ముందు ఉన్న నియంత్రణ ప్రాంతం అండ కావాలి. సమస్య ఏమిటంటే ఆ ప్రాంతం బీటాకు దాదాపు 50 వేల అక్షరాల దూరంలో ఉంది. మన రోడ్డు మీద 130 మీటర్లు.

పాడేరు ఘాట్ రోడ్డు నీకు అలవాటే కదా. బస్సు మలుపు తిరిగాక కిటికీలోంచి చూస్తే, ఇందాక దాటొచ్చిన రోడ్డు సరిగ్గా కింద కనిపిస్తుంది. రోడ్డు వెంట వెళితే బోలెడు దూరం, కేక వేస్తే మాత్రం వినపడుతుంది. కేంద్రకంలో డీఎన్‌ఏ కూడా అలాగే వంపు తిరుగుతుంది. నియంత్రణ ప్రాంతం వంపు తిరిగి ఒక జన్యువు ప్రమోటర్‌ను తాకుతుంది, మధ్యలో ఉన్న భాగం ఉచ్చులా బయటికి ఉబుకుతుంది. గర్భంలో ఆ వంపు గామా దగ్గర కలుస్తుంది, పుట్టాక క్రమంగా బీటా దగ్గర కలుస్తుంది. ఎక్కడ కలవాలో తేల్చేది డీఎన్‌ఏకు అతుక్కునే ప్రోటీన్లు. గాటా-1, కెఎల్‌ఎఫ్-1 లాంటివి పలికించేవి. బీసీఎల్11ఏ అనేది గామా నోరు మూయించేది. ఈ పేరు గుర్తుపెట్టుకో, నీ మూడో ప్రశ్నకు జవాబు ఇదే.

ఇక బాబు హెచ్‌పీఎల్‌సీ కాగితం ముందు పెట్టుకో. దాన్ని నేను పిల్లలకు జన్యువుల హాజరు పట్టీ అని చెబుతాను. గ్రాఫులో ఎస్ (సికిల్ హిమోగ్లోబిన్) శిఖరం బీటా జన్యువు చేసిన పని. ఎఫ్ శిఖరం గామా ఇంకా మిగిల్చిన పని. ఎ (పెద్దవాళ్లలో ఉండే మామూలు హిమోగ్లోబిన్) ఉండాల్సిన చోట ఖాళీ ఉందన్నావు, అంటే మామూలు బీటా కాపీ ఒక్కటీ పనిచేయడం లేదు. (ఈ పరీక్షకు ముందు బాబుకి రక్తం ఎక్కించలేదని నిర్ధారించుకో. ఎక్కిస్తే దాత రక్తంలోని ఎ కనిపించి అందర్నీ తికమక పెడుతుంది.) ఎ2 అనే చిన్న శిఖరం డెల్టా జన్యువుది. డెల్టా గురించి ఒక్క నిమిషం ఆగాలి. బీటాకు పక్కనే ఉంది, వాటి ప్రోటీన్లలో తేడా పది అమైనో ఆమ్లాలే. అయినా మామూలు మనిషి హిమోగ్లోబిన్‌లో దాని వాటా మూడు శాతం అటూ ఇటూ. ఎందుకంటే దాని ప్రమోటర్‌లో కెఎల్‌ఎఫ్-1 పట్టుకునే మెట్టు చెడిపోయి ఉంది. సరుకు దాదాపు ఒకటే, గుమ్మం సరిగ్గా లేదు, అందుకే వ్యాపారం లేదు.

దీనికి ఎదురుగా ఇంకో సంగతి ఉంది. మన దేశంలో సికిల్ జన్యువు ఉన్నవాళ్లలో చాలామందికి, గామా జన్యువుల్లో ఒకటి మొదలయ్యే చోటికి 158 అక్షరాల ముందు ఒక సి అక్షరం టి గా మారి ఉంటుంది. ప్రోటీన్‌లో ఏ మార్పూ లేదు. కానీ వాళ్లలో ఎఫ్ రకం పెద్దయ్యాక కూడా కాస్త ఎక్కువగా నిలుస్తుంది, జబ్బు కొంత నెమ్మదిగా ఉండే అవకాశం ఉంటుంది. దీన్ని పట్టుకుని "మన వాళ్లకి తేలిగ్గానే ఉంటుందిలే" అని ఎవరైనా అంటే నమ్మకు. మన్యం నుంచి వచ్చిన పిల్లల్లో చాలా తీవ్రంగా బాధపడ్డవాళ్లను నేను చూశాను.

చదవడం మొదలయ్యాక జరిగేది నీ పుస్తకంలో బాగానే ఉంది కాబట్టి తొందరగా దాటేస్తాను. బీటా జన్యువులో మూడు ఎక్సాన్లు (ప్రోటీన్‌కు పనికొచ్చే ముక్కలు), రెండు ఇంట్రాన్లు (మధ్యలో కత్తిరించేసే ముక్కలు). మొత్తం ఆర్‌ఎన్‌ఏగా రాసుకున్నాక ఇంట్రాన్లను కత్తిరించి, మూడు ముక్కలనూ అతికించి, ముందు టోపీ, వెనక తోక పెట్టి కేంద్రకం బయటికి పంపిస్తుంది. రైబోజోము దాన్ని 146 అమైనో ఆమ్లాల గొలుసుగా మారుస్తుంది. ఇక్కడ ఒక్కటి మాత్రం మన ప్రాంతం వాళ్లు తెలుసుకోవాలి. భారతదేశంలో బీటా థలసీమియాకు (బీటా గొలుసు సరిపడా తయారుకాని జబ్బుకు) అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం మొదటి ఇంట్రాన్ ఐదో అక్షరంలో వచ్చే మార్పు. అది ప్రోటీన్‌లోకి వచ్చే అక్షరం కానే కాదు. కత్తిరించే చోటును చూపించే గుర్తు. గుర్తు చెదిరితే కత్తెర తప్పుగా పడుతుంది, సరైన బీటా గొలుసు బాగా తగ్గిపోతుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి సికిల్, ఇంకొకరి నుంచి ఈ థలసీమియా వచ్చిన పిల్లలకు కూడా అచ్చం మీ బాబులాంటి నొప్పులే వస్తాయి, హెచ్‌పీఎల్‌సీ కాగితం కూడా దాదాపు ఇలాగే కనిపించవచ్చు. అందుకే అమ్మానాన్నలిద్దరి రక్తం కూడా చూస్తే తప్ప నేను మాట పూర్తి చేయను.

మొదటి పరీక్ష అబద్ధం చెప్పిందా అన్నావు. ఊళ్లో చేసింది బహుశా సాల్యుబిలిటీ పరీక్ష. గొట్టంలోని మందులో రక్తం కలిపి, వెనక పెట్టిన నల్ల గీతలు కనిపిస్తున్నాయా లేదా అని చూస్తారు. సికిల్ హిమోగ్లోబిన్ తగినంత ఉంటే ద్రవం మసకబారి గీతలు కనపడవు. రెండు నెలల పసివాడిలో అది తగినంత ఉండకపోవచ్చు. ఆ గొట్టానికి జన్యువు కనిపించదు, ఆ రోజు జన్యువు తయారుచేసిన సరుకు మాత్రమే కనిపిస్తుంది. పరీక్ష తనకు కనిపించింది చెప్పింది, దాన్ని "జబ్బు లేదు" అని చదవడంలో తప్పు జరిగింది.

ఆ తప్పు నేనూ చేశాను. పనిలో చేరిన రెండో ఏడు, నేను పనిచేస్తున్న ల్యాబ్‌కి అరకు వైపు నుంచి ఒక తల్లి మూడు నెలల పాపను తీసుకొచ్చింది. గీతలు స్పష్టంగా కనిపించాయి. "ఏమీ లేదమ్మా, హాయిగా ఇంటికెళ్లు" అని నా నోటితో నేనే చెప్పాను. ఏడాది తిరక్కుండా ఆ పాప వాచిన చేతులతో, తెల్లబడ్డ కళ్లతో అదే బల్ల ముందుకు వచ్చింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అప్పటి నుంచి ఆరు నెలల లోపు పిల్లలకు సాల్యుబిలిటీ పరీక్ష మీద ఆధారపడి ఏదీ చెప్పవద్దని, హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ (హిమోగ్లోబిన్ రకాలను విద్యుత్తుతో విడదీసే పరీక్ష) గానీ చేయించి, ఏడాది నిండాక మళ్లీ చూడాలని ప్రతి బ్యాచ్‌కీ చెబుతున్నాను. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టారు. నువ్వు ఉద్యోగంలో చేరాక ఆ పరీక్షల్లో కొన్ని నీ చేతుల మీదుగానే జరగవచ్చు. పసిపిల్లల వరస దగ్గర ఈ సంగతి మరచిపోకు.

ఇక మూడో ప్రశ్న. గామా జన్యువు బాబు ఒంట్లో చెక్కుచెదరకుండా ఉంది, బీసీఎల్11ఏ దాని నోరు మూసింది. ఆ చేయి తీసేస్తే గామా మళ్లీ పలుకుతుంది. అయితే బీసీఎల్11ఏను పూర్తిగా తీసేయడానికి లేదు, మెదడుకీ రోగనిరోధక కణాలకీ అది కావాలి. ఇక్కడే జన్యువుల అమరిక తెలిసినందుకు దారి దొరికింది. బీసీఎల్11ఏ జన్యువు ఇంట్రాన్‌లో ఒక ఎన్‌హాన్సర్ (జన్యువు గొంతు పెంచే డీఎన్‌ఏ ముక్క) ఉంది. ఎర్రకణాల వంశంలో ఆ జన్యువును గట్టిగా పలికించేది అదే. అక్కడ గాటా-1 కూర్చునే చోటును కత్తిరిస్తే ఎర్రకణాల్లో మాత్రం బీసీఎల్11ఏ తగ్గుతుంది, మిగతా చోట్ల మామూలుగా ఉంటుంది. గామా నోరు తెరుచుకుంటుంది. సికిల్ బీటా అలాగే ఉన్నా, ఎఫ్ రకం అడ్డుపడి కణాలు వంగడం తగ్గుతుంది. క్రిస్పర్ అనే డీఎన్‌ఏ కత్తెరతో చేసే ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి, పన్నెండేళ్లు దాటినవాళ్లకు. మూలకణాలు బయటికి తీసి, సవరించి, కీమోథెరపీతో మూలుగను ఖాళీ చేసి తిరిగి ఎక్కించాలి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మీ బాబుకి ఇప్పుడు పనికొచ్చే మాట కాదు, ఆ సంగతి దాచి నీకు ఆశ పెట్టలేను.

పనికొచ్చేది హైడ్రాక్సీయూరియా. అది కూడా గామాను మళ్లీ కొంత పలికించే మందే, మాత్ర రూపంలో దొరుకుతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత ఇవ్వాలో పిల్లల వైద్యుడు రక్తపరీక్షలు చూస్తూ చెబుతారు. పెన్సిలిన్, టీకాలు మానకూడదు. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే సికిల్ కణం 10 నుంచి 20 రోజులే బతుకుతుంది, మూలుగ ఆ లోటు పూడ్చడానికి పరుగులు పెడుతుంది, ప్రతి కొత్త కణానికీ డీఎన్‌ఏ కాపీ తీయాలి. ఫోలిక్ యాసిడ్ రాసేది అందుకే. అది ప్రయోగశాలలో తయారైంది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపించిన బృందం చేతిలో. జ్వరం వస్తే మాత్రం ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమని మీ అక్కకు గట్టిగా చెప్పు. ఈ పిల్లల్లో ప్లీహం త్వరగా దెబ్బతింటుంది, సూక్ష్మక్రిములను ఆపే శక్తి తగ్గిపోతుంది.

బాబుకి నాలుగేళ్ల అక్క ఉందని రాశావు, ఆ పాపకు కూడా పసితనంలో అదే గొట్టం పరీక్ష చేశారన్నావు. మీ అక్క, బావలతో పాటు ఆ పాపకు కూడా ఈ నెలలోనే హెచ్‌పీఎల్‌సీ చేయించు. ఆ వయసుకి గామా బాగా తగ్గి, బీటా జన్యువు ఏం చేస్తోందో కాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది. రిపోర్టులు వచ్చాక పేరు, ఊరు చెరిపేసి అంకెలు ఇక్కడ పెట్టు, కలిసి చదువుదాం.